నిచ్చెన పైకి లాగిన రుమ్యాన

రుమ్యాన ఎదురుపడితే మా ఊళ్లో సగం మంది చూపు తిప్పుకుంటారు. మిగతావాళ్లు పలకరిస్తారు గానీ ఆగరు.

భర్త పోయాక ఆమె డాన్యూబ్ నది ఒడ్డున ఉన్న మా ఊరి మురుగు పంపుహౌస్‌లో పనికి చేరింది. ఆమె పని మురుగు గుంత పైన నిలబడడం. లోపలికి దిగినవాణ్ణి కనిపెట్టుకుని ఉండాలి, అంతే. దిగేది పెన్యో. లారీ నడిపేది అతని తమ్ముడు వెల్కో.

గోడకున్న ఇనుప మెట్లు తుప్పు పట్టి రాలిపోవడంతో అల్యూమినియం నిచ్చెన వేసి దిగేవారు. గ్యాస్ కొలిచే పరికరం మరమ్మతుకని రాజధాని సోఫియాకు వెళ్లి తిరిగి రాలేదు. దాని బదులు పెన్యో ముక్కు ఉంది. మూత తీసి, ఒక సిగరెట్ కాల్చేంతసేపు గాలాడనిచ్చి, వంగి వాసన చూసేవాడు. కంపు తగ్గిందంటే దిగేవాడు. విషవాయువు ఎక్కువైతే ముక్కే మొద్దుబారుతుందని శిక్షణలో ముగ్గురికీ చెప్పారు. ముగ్గురూ తల ఊపారు.

ఆ రోజు పంపుకు గుడ్డపేలికలు అడ్డం పడ్డాయి.

“బెల్టు పెట్టుకోరా పెన్యో.”

“దాని తాడు నిచ్చెనకు చుట్టుకుంటుందక్కా. కట్టేయడానికి నేనేమన్నా మేకనా?”

“మేక నయం. చెబితే వింటుంది.”

“కంపు పోయింది చూడు. మా అత్తగారి వంటింటికన్నా ఇదే బాగుంది.”

వెల్కో నవ్వాడు. రుమ్యాన కూడా నవ్వింది. తానూ నవ్వానని తర్వాత విచారణలో ఎవరూ అడగకుండానే చెప్పింది.

పెన్యో సగం దిగి ఆగాడు. ఏదో అడగబోతున్నట్టు పైకి చూశాడు. అంతలోనే పట్టు వదిలేశాడు. కింద నీళ్ల చప్పుడు వినబడింది.

“అన్నయ్యా! ఒరే అన్నయ్యా!” లారీ దగ్గర నుంచి వెల్కో పరుగెత్తుకొచ్చాడు.

“దిగకురా! నువ్వూ పోతావు! ఫైరింజన్‌కి ఫోన్ చెయ్!”

“తప్పుకో అక్కా!”

అతణ్ణి పట్టి ఆపే బలం తనకు లేదు. రుమ్యాన నిచ్చెనను పైకి లాగేసి, నేల మీద పడేసి, దాని మీద బోర్లా పడుకుంది. మెట్ల మధ్య చేతులు దూర్చి బిగించింది. వెల్కో తన్నాడు, జుట్టు పట్టి ఈడ్చాడు. ఆమెకు ఒక పక్కటెముక విరిగింది. ఆమె వదల్లేదు. నిచ్చెన లేకుండా దూకొచ్చు కదా అని వెల్కోను ఎవరూ అడగలేదు. తనను తాను అడుక్కునే ఉంటాడు.

పెరళ్లలో చలికాలం నిల్వకని మిరపకాయలు కాలుస్తున్నవాళ్లు అరుపులు విని వచ్చారు. వాళ్లు చూసింది ఇంతే: మనిషి గుంతలో ఉన్నాడు, నిచ్చెన బయట ఉంది, దాని మీద రుమ్యాన ఉంది. ఊరంతా పాకింది కూడా ఇదే. వాళ్లలో ఒకరు ఫోన్ చేశారు. మాస్కులు వేసుకుని దిగినవాళ్లు పెన్యో శవాన్ని పైకి తెచ్చారు.

చనిపోయినవాడు బెల్టు పెట్టుకోలేదని విచారణ తేల్చింది. పరికరం సంగతి అందులో లేదు.

పోయిన నలభయ్యో రోజున, ఆచారం ప్రకారం, సమాధి దగ్గర పెన్యో తల్లి త్సోనా ఉడికించిన గోధుమలు పంచుతోంది. రుమ్యాన వెళ్లింది. ముసలావిడ ఆమెను చెయ్యి పట్టుకుని గేటు దాకా నడిపించింది.

“నువ్వు నిచ్చెన తియ్యకపోతే మా గుమ్మానికి ఇద్దరు కొడుకుల ఫొటోలతో చావు కబురు అంటించేదాన్ని. నాకు తెలుసు తల్లీ. ఇంకొకరు చెప్పక్కర్లేదు.”

“అమ్మా…”

“కానీ నిన్ను చూస్తే బతికినవాడు గుర్తు రావడం లేదు. ఇక రాకు.”

గోధుమలు పెట్టలేదు.

వెల్కో మంచినీళ్ల విభాగానికి మారిపోయాడు. చలికాలంలో మూడు కాళ్ల స్టాండు, మనిషిని పైకి లాగే గిలక, కొత్త గ్యాస్ పరికరాలు వచ్చాయి. కొత్తగా చేరినవాళ్లు మాత్రం ఆమె పైన ఉంటే దిగేది లేదన్నారు. మేనేజరు ఆమెను పంపు గదిలో మీటర్లు చూసే పనికి వేశాడు.

“నన్ను గుంత దగ్గరే ఉంచండి సార్. బెల్టు లేకుండా ఒక్కణ్ణీ దిగనివ్వను.”

“వాళ్ల భయమూ అదే రుమ్యానా. నువ్వుంటే పని సాగదట.”

ఇప్పుడు ఎవరికి ఖాళీ ఉంటే వాళ్లే పైన నిలబడుతున్నారు. మొన్న వాన మొదలవగానే ఆ నిలబడ్డవాడు లారీ ఎక్కి కూర్చున్నాడు. స్టాండు లారీలోనే ఉంది. గుంతలో మనిషి ఉన్నాడు. రుమ్యాన పంపు గది తలుపు తీసి కేకేసింది.

“ఒరేయ్, లారీ దిగు! వాడి దగ్గర నిలబడు!”

అతను లారీ కిటికీ అద్దం పైకి తిప్పుకున్నాడు. ఆమె మీటర్లను అలాగే వదిలేసి, వానలో గుంత వైపు నడిచింది.