దొంగిలించిన ఎవెరే కొమ్మ

ఇతోహాన్ అక్క ఇంట్లో ఎవరూ నిశ్చింతగా స్నానం చేసిన పాపాన పోలేదు. నైజీరియాలోని మా బెనిన్ నగరం నుంచి తెచ్చిన ఎవెరే మొక్క ఆ స్నానాలగదిలోనే, వేడిగొట్టం పక్కన కుండీలో ఉండేది. బెల్జియంలో ఈ ఆంట్వెర్ప్ చలికి అంతకన్నా సుఖమైన చోటు దానికి లేదు. "సబ్బు నురగ తగిలిందో, చంపేస్తా!" అని తలుపు అవతల నుంచి కేకలు.

ఆసుపత్రి బట్టలు ఉతికేచోట ఆమె ఉద్యోగం. ఆమె ప్రాణమంతా మాత్రం ఆ మొక్కమీదే. ఏడాది ముగింపులో చేసుకునే ఇగ్వే పండుగ చివర మా పిల్లలు కొరివికట్టెల బదులు టార్చిలైట్లు పట్టుకుని, "కీడు పో! మేలు రా!" అని అరుస్తూ నదిదాకా పరుగెడతారు. తిరిగొచ్చి అందరి నుదుటా ఎవెరే ఆకు అంటిస్తారు. ఆకు లేకపోతే కీడును తరిమి, మేలును గుమ్మం బయటే వదిలేసినట్టు.

ఇంత మొక్కా ఉండి అక్క ఎవరికీ కొమ్మ ఇవ్వదు. అది తెలిసే, పోయినేడాది పండుగకు రోటర్‌డామ్ నుంచి వచ్చిన ఎసోహే ఒక కొమ్మ తుంచి తలకట్టులో దోపుకుపోయింది. ఏడాదంతా అక్క తిట్టని తిట్టు లేదు. "దాని చేతిలో గడ్డి కూడా మొలవదు!" అనేది.

ఈసారి పండుగ ముందురోజు భవనంలో హీటర్లు చెడిపోయాయి. అక్క పని నుంచి వచ్చేసరికి మొక్క నల్లబడి వాలిపోయి ఉంది. స్నానపు తొట్టి అంచున కూర్చుని ఏడ్చేసింది. పండుగకని ముందుగదిలో డోలు బాగుచేసుకుంటున్న నేను పరుగెత్తుకెళ్ళి, నోరు ఊరుకోక, "పూలకొట్టులో ఏదో ఆకు కొందాంలే అక్కా" అన్నాను.

"నీ పెళ్ళికి పెళ్ళికూతురు దొరక్కపోతే పక్కింటావిణ్ణి కూర్చోబెట్టేవాళ్ళా?"

అక్క కళ్ళు తుడుచుకుని ఎసోహేకి ఫోను చేసింది.

"ఏమే దొంగదానా, బతికుందా?"

"ఎవరు, నేనా?" అంది ఎసోహే.

"నువ్వెలాగూ చావవు. మొక్క సంగతి చెప్పు."

"కిటికీ నిండా ఉందక్కా! కొలోన్‌లో మా చెల్లికిచ్చా, అది డబ్లిన్‌కి పంపింది. ఏమైంది? ఏడుస్తున్నావా? ఉండు, రైలెక్కుతున్నా!"

మర్నాడు ఎసోహే కోటు విప్పితే లోపలంతా పచ్చదనమే! పసిబిడ్డను మోసినట్టు కుండీని పొట్టకు అదుముకుని తెచ్చింది. పిల్లలు చేసిన గోలకు నా డోలు వినపడితే ఒట్టు. ఎసోహే మొదటి ఆకు అక్క నుదుటనే అంటించి, "ఇసెలోగ్బే!" అని కొత్త ఏడాది దీవెన చెప్పింది. అక్క ఆమెను కావలించుకుని మళ్ళీ ఏడ్చింది. నా కళ్ళూ తడిశాయి, ఎందుకు దాచాలి?

పెండలం ముద్దా నల్లపులుసూ తిన్నాక అక్క ఆ కుండీని అందరి కోట్లూ వేలాడే చోట పెట్టింది.

"నేను గోడవైపు తిరిగి కూర్చుంటున్నా. ఎవరూ ముట్టుకోకూడదు!" అని గట్టిగా చెప్పింది.

ఒకటే గుసగుసలు, నవ్వులు. అక్క వెనక్కి తిరిగేసరికి కుండీలో ఇంకా సగం మొక్క మిగిలే ఉంది. ఆమె ముఖం చిన్నబోయింది.

"ఇంతమంది వచ్చారు కదా, దొంగలు ఇంతేనా?"