మేస్త్రిగారు మేఘాన్ని కడిగిన వైనం

వాటర్ వర్క్స్ వాల్వుల మేస్త్రి అంటే ఆ పట్టణంలో కుళాయి తిప్పే ప్రతి చేతికీ తెలుసు. పల్లెటూరి బడిలో ఏడో తరగతి దాకా చదివి, ఆ చదువుతోనే పట్నం నీళ్లన్నిటినీ చెప్పుచేతల్లో పెట్టుకున్న మనిషి. భూమిలో ఏ పైపు ఎక్కడ మలుపు తిరుగుతుందో, ఏ వాల్వు ఎన్ని చుట్లకు బిగుస్తుందో ఆయనకు నోటి లెక్క. మోటారు చప్పుడు విని బేరింగుకు ఇంకెంత ఆయుష్షుందో చెప్పేవారు. బావి అడుగున పడిపోయిన ఫుట్‌వాల్వును మునిగి పైకి తెచ్చారు. ఎంత పెద్ద ఇంజనీరు బదిలీ మీద వచ్చినా, వారం తిరక్కుండా “మేస్త్రిగారూ, ఒకసారి వస్తారా” అని కబురు పెట్టాల్సిందే. ఈ సంగతులన్నీ ఎవరూ అడక్కుండానే ఆయనే చెప్పేవారు. విన్నవాళ్లకే మళ్లీ చెప్పేవారు. రిటైరయ్యాక చెప్పడం ఎక్కువైంది, వినేవాళ్లు తక్కువయ్యారు.

అలాంటి సమయంలో కుర్ర ఇంజనీరు ఒకాయన ఇంటికొచ్చాడు. కొత్త పంప్‌హౌస్ కడుతున్నారట. లోపలికి అడుగుపెట్టగానే కనిపించే గోడకు మేస్త్రిగారి జీవితకథ పెద్ద బోర్డు మీద అచ్చువేసి బిగిస్తారట. ఒక పేజీ రాసి సోమవారానికల్లా కంప్యూటర్లో పంపితే చాలట. ఒకసారి గోడకెక్కాక అక్షరం మార్చే వీలుండదు కాబట్టి ఒకటికి రెండుసార్లు చూసుకుని పంపమన్నాడు.

మేస్త్రిగారి ఛాతీ ఉబ్బింది. ఆ ఉబ్బులోనే నోరు జారింది.

ఇల్లాలు టీ తెచ్చింది. ఎలా ఉన్నారమ్మా అని ఇంజనీరు అడిగాడు. నెత్తిమీద ఫ్యాను గరగరలాడుతోంది, ఆవిడ చూపంతా కప్పులు ఒలక్కుండా దించడం మీద ఉంది. జవాబు ఒక్క క్షణం ఆలస్యమైంది. “కాస్త గట్టిగా అడుగు బాబూ, మా ఆవిడకు ఈమధ్య చెవుడు” అన్నారు మేస్త్రిగారు. ఇంజనీరు నవ్వాలో మానాలో తెలియక బిస్కెట్టు కొరికాడు. ఆవిడ కప్పులు బల్లమీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

ఆనాటి నుంచి ఇంట్లో మాటల్లేవు. మేస్త్రిగారు తువ్వాలు ఎక్కడుందని అడిగితే ఆవిడ కిటికీలోంచి వీధి చూసేది. కాఫీ అడిగితే స్టవ్ తుడిచేది. పట్టణం అవతలి చివర కళ్లద్దాల దుకాణం నడిపే కూతురు ఫోన్ చేసి సంగతేమిటని అడిగితే మాత్రం చెప్పింది. “చెవిటిదాన్నని మీ నాన్న పరాయివాళ్ల ముందు చాటింపు వేశారమ్మా. చెవిటిదానికి మాటలతో పనేముంది?”

మేస్త్రిగారు దిగులుపడలేదు. ఇంట్లో నిశ్శబ్దంగా ఉంటే రాసుకోవడానికి వీలనుకున్నారు. ముందుగదిలో డెస్క్‌టాప్ ముందు కూర్చుని, రెండు వేళ్లతో, వాల్వు తిప్పినంత బలంగా మీటలు నొక్కుతూ “నా జీవితం” అనే ఫైలు మొదలుపెట్టారు.

ఆ డెస్క్‌టాప్‌ను కూతురే అమర్చిపెట్టింది. వంటింట్లో తల్లికి తన పాత లాప్‌టాప్ ఇచ్చింది, ఊలు అల్లికల డిజైన్లు చూసుకోవడానికి. రెండింటికీ ఒకటే ఖాతా, ఒకటే ఫోల్డరు. అందులో దాచినది క్లౌడ్‌లోకి వెళ్తుందనీ, కంప్యూటరు పాడైనా అక్కడ భద్రంగా ఉంటుందనీ అప్పుడే తండ్రికి విడమరిచి చెప్పబోయింది. మేస్త్రిగారు సగంలోనే ఆపేశారు. ఆయనకు అర్థమైపోయింది. క్లౌడ్ అంటే మేఘం. మేఘం అంటే పైన ఉండే నీళ్లు. అంటే ఓవర్‌హెడ్ ట్యాంకు. ఇక్కడ మోటారు వేస్తే అక్కడికి ఎక్కుతుంది. ఫైలు పక్కన నీలం బాణాలు గుండ్రంగా తిరుగుతుంటే మోటారు నడుస్తున్నట్టు, పచ్చ టిక్కు పడితే ట్యాంకు నిండినట్టు. ఎక్కిన నీళ్లు అదే పైపులో వెనక్కి రావు, రానివ్వకుండా నాన్ రిటర్న్ వాల్వు ఉంటుంది. ఇంతోటి దానికి పాఠం ఎందుకన్నారు. కూతురు చెప్పాలనుకున్న మిగతా సగం, అంటే ఒక చోట మార్చింది రెండో చోట కూడా మారుతుందనీ, దాన్నే సింక్ అంటారనీ చెప్పే ముక్క, ఆమె నోట్లోనే ఉండిపోయింది.

కాబట్టి మేస్త్రిగారు ముందుగదిలో రాసిందంతా వంటింట్లో లాప్‌టాప్‌లో కూడా ప్రత్యక్షమైంది. ఇల్లాలు చూసింది. పెళ్లయిన కొత్తల్లోంచీ ఆయన సెలవుచీటీలు, అర్జీలు, కూతురి బడికి ఉత్తరాలు అన్నీ ఆవిడే దిద్దేది. నోరు తెరిచి అడగడానికి మనసొప్పక దిద్దమని ఇలా నా ముందు పెట్టారు కాబోలు, అనుకుంది. కోపం కోపమే, పని పనే. కళ్లద్దాలు పెట్టుకుని కూర్చుంది.

మర్నాడు పొద్దున మేస్త్రిగారు ఫైలు తెరిచి నోరు తెరిచారు. “ఏడో తరగతి ఫస్టున పాసయ్యాను” అని రాసుకున్న చోట “ఏడో తరగతి రెండో ప్రయత్నంలో పాసయ్యాను” అని ఉంది. “తాడు లేకుండా బావిలోకి దిగాను” అన్న చోట “నలుగురు పట్టుకున్న తాడుతో దిగాను” అని ఉంది. “నా సర్వీసులో ఒక్కరోజు సెలవు పెట్టలేదు” అన్న వాక్యం అలాగే ఉంది గానీ, దాని తోకకు “పంటి నొప్పికి ఏడ్చిన వారం తప్ప” అని తగులుకుంది.

ఆయన అన్నిటినీ తిరిగి మొదటిలా మార్చి, పచ్చ టిక్కు పడేదాకా కూర్చుని లేచారు. మధ్యాహ్నం నిద్ర లేచి చూస్తే పంటి నొప్పి మళ్లీ వచ్చింది.

కూతురికి ఫోన్ చేశారు. ఆమె దుకాణంలో ఎవరి ముక్కుమీదో అద్దాలు సరిచేస్తోంది.

“అమ్మడూ, మీ ట్యాంకులో ఎవరో ఏదో కలుపుతున్నారు” అన్నారు.

“ట్యాంకేంటి నాన్నా? సింక్‌లో ఏదో తేడా వచ్చుంటుంది. ముందు సింక్ చూడు, నేను మళ్లీ చేస్తా” అని పెట్టేసింది.

సింక్ చూడమంటే మేస్త్రిగారు ఇంకేం చూస్తారు? పానాలు తీసుకుని తిన్నగా వంటింట్లోకి నడిచారు. గిన్నెలు కడిగే సింక్ కింద చతికిలబడి, వంపు పైపు విప్పారు. అందులో ఒక చెంచా, ఒక గుండీ, ఎప్పటిదో తెలియని వెంట్రుకల ఉండ దొరికాయి. కంప్యూటరుకూ దీనికీ ఏ దారిన సంబంధమో ఆయనకు అంతుపట్టలేదు గానీ, ఇంత చెత్త పేరుకుంటే రాతలు కలుషితం కాక ఏమవుతాయి అనుకున్నారు. శుభ్రంగా కడిగి, కొత్త వాషరు వేసి, బిగించి, కుళాయి విప్పి చూశారు. నీళ్లు జర్రున దిగాయి.

స్టవ్ పక్కన నిలబడి ఇల్లాలు అంతా చూసింది. ఆ సింక్ బాగుచెయ్యమని ఏడాదిగా పోరుతోంది. ఊరందరి పైపులు బిగించిన మనిషికి ఇంట్లో పైపు కనపడదా అని ఎన్నోసార్లు దెప్పింది. ఇవాళ అడక్కుండానే, మాటల్లేని రోజుల్లో, వచ్చి బాగుచేశారు. రాజీకి వచ్చారన్నమాట. ఆవిడ మనసు మెత్తబడింది. ఇంత మంచి మనిషి జీవితకథను పైపైన దిద్దితే ఎలా, లోతుగా దిద్దాలి అనుకుంది. ఆ సాయంత్రం మేస్త్రిగారు బజారుకు వెళ్లగానే వరద పేరాలో చెయ్యి పెట్టింది.

వరద పేరా అంటే మేస్త్రిగారి కిరీటం. ఆ ఏడాది పట్టణమంతా నీళ్లలో ఉండగా, భూమిలో పెద్ద లైను పగిలి కుళాయిలు ఎండిపోయాయి. అంతటా నీళ్లే కావడంతో పగులు ఎక్కడో కంటికి కనిపించలేదు. “అప్పుడు నేను ఒక్కడినే భూమికి చెవి ఆనించి, పగులును పసిగట్టి, తవ్వి, బిగించి, పట్టణానికి నీళ్లిచ్చాను” అని ఆయన రాశారు. బజారు నుంచి వచ్చి చూస్తే ఆ చోట ఇలా ఉంది. “పగులును పసిగట్టింది నేను కాదు, నా భార్య. మెరక మీది క్వార్టర్స్ పెరట్లో గిన్నెలు తోముతుంటే రాతి కింద ఈల వేసినట్టు చప్పుడవుతోందని చెప్పింది. నీ భ్రమ అన్నాను. మళ్లీ చెప్పింది. అప్పుడు వెళ్లి తవ్వాను.”

మేస్త్రిగారు తెర మీదికి వంగి మళ్లీ చదివారు. ఈ సంగతి తనకూ ఆవిడకూ తప్ప మూడో మనిషికి తెలియదు, ఆవిడేమో ఈ గదిలో కంప్యూటరు ముట్టుకోదు. మేఘానికి ఎలా తెలిసింది? కూతురు ఫోన్లోనే దారి చూపిస్తే, ఫైలులో ఎవరు ఏం మార్చారో తెలిపే పేజీ తెరిచారు. అక్కడ ప్రతి మార్పు పక్కనా ఒకటే మాట ఉంది, “మార్చినవారు: మీరు.” ఖాతా ఒకటే కాబట్టి అది అంతకుమించి చెప్పలేదు. ఆయన మాత్రం తన రెండు వేళ్లనూ తిప్పి తిప్పి చూసుకున్నారు.

సోమవారం రేపే. నిజమో అబద్ధమో తర్వాత సంగతి, ఈ పేజీ ఇలాగే అచ్చయి గోడకెక్కితే కిరీటం ఊడి కిందపడుతుంది. నీళ్లు చెడితే వాటర్ వర్క్స్‌లో చేసే పని ఒక్కటే. ట్యాంకు మొత్తం వదిలేసి, కడిగి, కొత్తగా నింపడం. మేస్త్రిగారు ఒక్క ఫైలుతో ఆగలేదు. అడుగున మడ్డి మిగిలితే మళ్లీ చెడుతుంది కదా. ఫోల్డరు తెరిచి, ఉన్నదంతా ఒక్కసారిగా పట్టి డిలీట్ కొట్టారు. నీలం బాణాలు తిరిగాయి. పచ్చ టిక్కు పడింది. ఫోల్డరు తళతళలాడుతూ ఖాళీగా ఉంది. చేతులు దులుపుకున్నారు.

వంటింట్లో ఏదో పడ్డ చప్పుడైంది. తర్వాత చెప్పుల టపటప. ఇల్లాలు గుమ్మంలో నిలబడింది.

“ఏమండీ, నేను దిద్దుతుండగానే మాయం చేశారేం? ఇష్టం లేకపోతే నా ముందు పెట్టడమెందుకు?”

మేస్త్రిగారు కుర్చీతో సహా తిరిగారు. “దిద్దుతుండగానా? ఎవరు?”

“నేను. పెళ్లయిన కాణ్ణుంచీ మీ రాతలు ఇంకెవరు దిద్దుతున్నారు?”

“అయితే ట్యాంకులో కలిపింది నువ్వా?”

“ఏ ట్యాంకు? అది కాదు, నా అల్లికలేవి? నెమలి డిజైను సగంలో ఉంది. పిల్ల చిన్నప్పటి ఫొటోలేవి?”

మేస్త్రిగారు ఖాళీ ఫోల్డరు వైపు వేలు చూపించారు. “ట్యాంకు కడిగాను” అన్నారు.

ఆవిడకు మొత్తం అర్థం కాలేదు గానీ, అర్థమైనంత చాలింది. “మీ వాటర్ వర్క్స్ వాళ్లు ట్యాంకు కడిగేముందు ఊరంతా చాటింపు వేసేవాళ్లు, బిందెలు నింపుకోండని. ఇంట్లో మనిషికి ఒక్క మాట చెప్పద్దూ?”

“చెబితే నువ్వు వినట్లేదుగా.”

“ఈ మాటైతే వినేదాన్ని. మీరు చెప్పలేదు.”

ఆవిడే ఫోన్ తీసి కూతురికి చేసింది. రెండు వైపుల కథా విని కూతురు ఫోన్‌ను చేత్తో మూసింది. నవ్వుతోందని ఇద్దరికీ తెలిసింది. తీసేసినవి కొన్నాళ్లపాటు క్లౌడ్ చెత్తబుట్టలోనే ఉంటాయనీ, వెబ్‌సైటులోకి వెళ్లి అక్కడినుంచి తిరిగి రప్పించాలనీ చెప్పింది. నాన్న వేళ్లతో వద్దు, నువ్వు చెయ్యమ్మా అంది. ఆవిడ చేసింది. నెమలి వచ్చింది. ఫొటోలు వచ్చాయి. ఆఖరున “నా జీవితం” కూడా వచ్చింది, పంటి నొప్పితో సహా. ట్యాంకు ఒకటే గానీ దాని కింద కుళాయిలు రెండనీ, రెండూ నీళ్లు పుచ్చుకోవడమే కాక పైకి పంపుతాయనీ కూతురు ఆయన భాషలోనే చెప్పింది. నాన్ రిటర్న్ వాల్వు లేని లైను ఏ దద్దమ్మ వేశాడని మేస్త్రిగారు అడిగారు గానీ ఎవరూ పట్టించుకోలేదు.

ఫోన్ పెట్టేశాక ఆయన బేరానికి దిగారు. రెండో ప్రయత్నం ఉండనిస్తానన్నారు. తాడు ఉండనిస్తానన్నారు. కాసేపు గింజుకుని పంటి నొప్పికి కూడా ఒప్పుకున్నారు. “వరద మాత్రం నాకొదిలెయ్యవే” అన్నారు.

“అలాగే రాసుకోండి” అంది ఆవిడ. “ఊరంతా నీళ్లలో ఉంటే పగులెలా కనిపెట్టారని ఇంజనీరు అబ్బాయి అడిగితే, ఏం చెబుతారో ఆలోచించుకోండి. నేను చెవిటిదాన్నని మాత్రం చెప్పకండి. ఆ చెవే కదా విన్నది.”

అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

మేస్త్రిగారు తెర ముందు కూర్చున్నారు. “నేను ఒక్కడినే భూమికి చెవి ఆనించి” అని మళ్లీ కొట్టారు. ఆ చెవి ఆనించిన నేల ఎలా ఉందో గుర్తు చేసుకోబోయారు. గుర్తు రాలేదు. ఆ గంటలో ఆయన పంప్‌హౌస్ కప్పు మీద నిలబడి అందరినీ తిడుతున్నారు. గుర్తొచ్చింది వేరే. జడివానలో తడిసి ముద్దై, చేతినిండా గిన్నెలు తోమిన బూడిదతో, పరిగెత్తుకొచ్చి కింద నుంచి కేకేసిన మనిషి. రాయి కింద ఈల వేస్తోందండీ అని.

కొట్టింది చెరిపారు. మళ్లీ కొట్టారు. చెరిపారు. చివరికి ఇలా నిలిచింది. “పగులు చప్పుడు మా ఆవిడ విన్నది. తవ్వి బిగించింది నేను. అలాంటి చెవి ఉన్న మనిషిని కట్టుకున్న మేస్త్రి మొత్తం వాటర్ వర్క్స్‌లో నేను ఒక్కడినే.”

చదువుకుంటే బాగుంది. ఏమీ తగ్గినట్టు లేదు, పైగా ఒక ఘనత పెరిగినట్టుంది. దాచి, మూసి, పచ్చ టిక్కు పడ్డాక వంటింటి వైపు చెవి పెట్టారు. అక్కడ కుర్చీ జరిగింది. తర్వాత మీటలు రెండుమూడు టకటకలాడాయి.

ఫైలు తెరిచారు. అంతా అలాగే ఉంది. ఒక్క మాట మారింది. “మా ఆవిడ విన్నది” అన్నది “మా ఆవిడ విన్నారు” అయింది.

మేస్త్రిగారు దాన్ని “విన్నది” చేశారు. బాణాలు తిరిగాయి. కాసేపటికి చూస్తే “విన్నారు.” మళ్లీ “విన్నది” చేశారు. మళ్లీ “విన్నారు.”

“గోడకెక్కేది” అంది వంటింట్లోంచి గొంతు, ఎత్తకుండా, పక్కన కూర్చుని చెప్పినట్టు. “నలుగురూ చదివేది.”

“వినపడింది” అన్నారు మేస్త్రిగారు. “విన్నారు”ను ఉన్నచోటే ఉంచి, పేజీని ఇంజనీరుకు పంపించారు.