మూడు షిఫ్టుల ప్రార్థన

మా చెల్లెలు మిషనరీగా ఆఫ్రికాకు వెళ్లిన తర్వాత ఎనిమిది నెలల పాటు గోదావరిఖనిలో ఆమె కోసం రోజూ మూడు షిఫ్టుల్లో ప్రార్థన జరిగింది. ఒక్క పూట తప్పలేదు. ఆ ఎనిమిది నెలల్లో ఆమెను పంపిన చర్చి సంఘం నుంచి ఆమెకు ఒక్క ఫోను కూడా పోలేదు. మొదటిదాని వల్లే రెండోది జరిగిందని నేను అంటాను. ఇలా అనడానికి నాకు ఎంత హక్కు ఉందో కూడా రాయాలి.

నాన్న బొగ్గుబాయిలో పనిచేసేవాడు. ఆయన పోయాక అమ్మ చర్చికి వెళ్లడం మొదలుపెట్టింది. చెల్లెలు అమ్మ వెంట వెళ్లింది. నేను ఇంటర్ చదివే రోజుల్లో హేతువాదుల సభలకు వెళ్లి అక్కడే ఉండిపోయాను. అమ్మ కూడా పోయాక ఇంట్లో ఇద్దరమే మిగిలాం. నేను బడిపంతులును, ఆమె నర్సు. ఆదివారం పొద్దున ఆమె బైబిలు పట్టుకుని బయల్దేరుతుంటే నేను నోరు మూసుకుని ఉండేవాణ్ని కాదు.

"మీ దేవుడు ఎన్నడన్న బాయిల దిగిండా?" అన్నానొకసారి.

"నువ్వు దిగినవా అన్నా?" అంది చెప్పులు వేసుకుంటూ.

ఆఫ్రికాలో ఒక చిన్న దేశం, అక్కడ ఒక పల్లె దవాఖాన. నర్సు కావాలన్నారు, ఈమె వెళ్తానంది. మా కాలనీ సంఘం నుంచి దేశం దాటి సేవకు వెళ్తున్న మొదటి మనిషి. సాగనంపే ఆదివారం దండలు వేశారు, పాటలు పాడారు. అప్పుడు సంఘ పెద్ద మైకు అందుకున్నాడు. రిటైరైన ఓవర్‌మన్. ముప్పై ఏళ్లు మనుషుల్ని లెక్కపెట్టి బాయిలోకి దించి, లెక్కపెట్టి పైకి తెచ్చినవాడు. అందరూ ఆయన్ని కాక అనే పిలుస్తారు.

"దూరం పోయినోళ్లను మర్సిపోవుడు మన గుణం. మర్సిపోవద్దంటె మస్టర్ పెట్టాలె" అన్నాడు. "ఫస్టు షిఫ్టోడు ఇల్లు దాటకముందు, సెకండు షిఫ్టోడు బువ్వ తిన్నంక, నైట్ షిఫ్టోడు టిఫిన్ గట్టుకున్నంక, పది నిమిషాలు ఈ బిడ్డ కోసం మోకాళ్ల మీద ఉండాలె. ఆదివారం వచ్చి సంతకం పెట్టాలె. నాగా చేసినోన్ని నేను ఊకోను."

అందరూ నవ్వారు, చప్పట్లు కొట్టారు. బాయి మనుషులకు మస్టర్ అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కర్లేదు. హాజరు పడితే ఆ రోజు పని చేసినట్టే. పడకపోతే ఎంత చెమటోడ్చినా చేయనట్టే.

గుమ్మం దగ్గర నిలబడ్డ నన్ను కాక చూశాడు.

"ఏం సారూ, లోపటికి రావు, బయటికి పోవు. నీ రాత మంచిగుంటది, మస్టర్ బుక్కుకు గీతలు నువ్వే కొట్టియ్యి."

"లేనోని డ్యూటీకి నేను గీతలు కొట్టాల్నా కాకా?"

"దేవుడు లేకుంటె లేడు తియ్. నీ చెల్లె ఉన్నది గదా?"

రెండు వందల పేజీల నోటుబుక్కుకు గీతలు కొట్టి ఇచ్చాను.

నెలనెలా మొదటి ఆదివారం ఆమె పంపిన వాయిస్ మెసేజీని కాక మైకు ముందు పెట్టి వినిపించేవాడు. నేను గుమ్మం దగ్గర నిలబడి వినేవాణ్ని. ఇక్కడి ఎండ మన రామగుండం ఎండకు అక్క లెక్కనే ఉన్నది అని ఆమె అంటే జనం పగలబడి నవ్వారు. నాలుగో నెల మెసేజీలో, కష్టమనుకున్న ఒక కాన్పు మంచిగా జరిగిందని చెప్పింది. హల్లెలూయా అని సంఘమంతా అరిచింది. కాక సరిగ్గా అక్కడ బొటనవేలితో ఫోను నొక్కి మెసేజీ ఆపేశాడు.

అదే మెసేజీ నాకూ పంపింది కాబట్టి మిగతాది నాకు తెలుసు. "నాకింక ఈడి భాష వస్తలేదు. దినమంత మనుషుల నడుమనే ఉంట గని మాట్లాడనీకి మనిషి లేదు. మీల ఎవరన్న ఒక్కసారి ఫోన్ చేయుండ్రి. ఒక్కనాడు ప్రార్థన ఆపి అయినా సరే, ఫోన్ చేయుండ్రి."

మర్నాడు షేర్ ఆటోల దగ్గర కాకను పట్టుకున్నాను.

"ఆ ముక్క ఎందుకు ఆపినవ్ కాకా?"

"పంపినోళ్లు అధైర్యపడ్తరు సారూ. కిందికి దిగినోడు భయమైతాంది అంటె పైనున్నోళ్లకు చెప్తమా?"

"చెప్పకుంటె సస్తడు గదా. ముప్పై ఏండ్లు నువ్వు చేసిందే గది. కింద ఏమైతాందో పైకి చెప్పుడు."

ఆయన ఆటో ఎక్కాడు.

చర్చిలో చెల్లెలితో పదేళ్లు పక్కపక్కన నిలబడి పాటలు పాడిన ఆమెను అడిగాను, ఫోను చేశావా అని. "అయ్యో సారూ, ఒక్కనాడు నాగా పెట్టలె. కావాల్నంటె బుక్కు సూడు" అంది, బాధపడుతూ. ఆమె అబద్ధం చెప్పలేదు. రాతిగుండె మనిషి కూడా కాదు. ఆ పది నిమిషాలు ఆమె కళ్లు నిజంగానే తడిసేవి. తర్వాత సంతకం పడేది, పని అయిపోయేది. మొక్కినవాడికి మొక్కిన తృప్తి ముట్టింది. ఎవరి కోసం మొక్కారో ఆమెకు ఏం ముట్టిందని ఎవరూ అడగలేదు.

నేను నాస్తికుణ్ని. సంఘాలకు సలహా చెప్పే పని నాది కాదు. అయినా చెబుతాను. మనిషిని పంపితే వారానికొకసారి ఆమె గొంతు వినండి, మైకు లేకుండా. ఏం చేశావని కాదు, ఎట్లా ఉన్నావని అడగండి. బాగాలేదంటే బాగాలేదనే వినండి, దాన్ని మైకులో చెప్పే సాక్ష్యంగా మలచకండి. ఆమె ఉన్న ఊళ్లో ఏం తింటారో, ఏ జ్వరాలు వస్తాయో తెలుసుకోండి. అలసి తిరిగొస్తే ఓడిపోయి వచ్చిందనకుండా ఒక గది తుడిచి పెట్టండి. దీనికి దేవుడు ఉండాల్సిన పని కూడా లేదు. ఉన్నాడని నమ్మేవాళ్లు ఇంతకంటే తక్కువ చేస్తే ఆ నమ్మకం ఎవరి కోసం?

ఇంత చక్కగా రాయగలిగిన నేను ఏం చేశాను? ఫోను చేసేవాణ్ని. చేసి వాదించేవాణ్ని. "సూసినవా నీ సంఘం? సూసినవా నీ దేవుడు?" అనేవాణ్ని. ఆమె కాసేపు విని, "రోగులు నిలబడ్డరు అన్నా, పెడుతున్న" అనేది. ఆమెకు కావలసింది చెవి. నేను నోరు మాత్రమే ఇచ్చాను.

ఏడో నెలలో ఆమెకు మలేరియా వచ్చింది. పదకొండు రోజులు మంచం మీదుంది. రోగులకు ఇచ్చే మాత్రలే తనూ వేసుకుంది. కొంచెం లేచి కూర్చున్నాక నాకే ఫోను చేసింది. ఆ రోజు నేను వాదించలేదు, ఆమె గొంతు అంత నీరసంగా ఉంది.

"అన్నా, నాకు ప్రార్థన చేయబుద్ధి అయితలేదు. మోకాళ్లూనితె ఏం గుర్తుకస్తలేదు. ఎవ్వలకు చెప్పకు."

చెప్పనన్నాను.

మా హేతువాద పత్రికకు ఆ నెల వ్యాసం బాకీ ఉంది. రాశాను. నేను రాసిన వాటిలో అది మంచి వ్యాసమని ఇప్పటికీ అంటారు. అందులో ఆమె మాటలను ఉన్నవి ఉన్నట్టుగా పెట్టాను, పేరు లేకుండా. పేరు రాయలేదు కాబట్టి మాట తప్పలేదని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. గోదావరిఖని నుంచి విదేశానికి సేవకు వెళ్లిన నర్సులు ఎందరున్నారు గనక! వారం తిరగకముందే ఆ పేజీ ఫొటో సంఘం వాట్సాప్ గ్రూపులో పడింది.

సంఘం కమిటీ కూర్చుంది. బాయిలో వరసగా డ్యూటీ ఎగ్గొట్టినవాడికి ఛార్జిషీటు ఇస్తారు. కమిటీలో అందరూ ఉద్యోగాల్లో అలాంటి కాగితాలు అందుకున్నవాళ్లే, ఇచ్చినవాళ్లే. వాళ్లకు తెలిసిన భాష అదే. "మీ విశ్వాసస్థితి గురించి ఏడు రోజుల్లోగా లిఖితపూర్వక వివరణ ఇవ్వగలరు. అంతవరకు మీ నిమిత్తమైన ప్రార్థన నిలిపివేయడమైనది." జ్వరం నుంచి అప్పుడే లేచిన మనిషికి దీన్ని ఫొటో తీసి పంపారు. దానితోపాటు ఎవరో నా వ్యాసం కూడా పంపారు.

కాక మా ఇంటికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆ కాయితం నేను రాయలె సారూ."

"ప్రార్థన ఆపినవా?"

"ఆపలె." వెళ్లబోతూ అన్నాడు, "నువ్వు రాసింది గూడ సదివిన. మంచిగ రాసినవ్."

ఆ సాయంత్రం చెల్లెలి నుంచి ఒకే వాక్యం వచ్చింది. "నువ్వు గూడ నన్ను మైకుల పెట్టినవ్ అన్నా." ఆ తర్వాత నా ఫోను ఆమెకు పోవడం లేదు. నంబరు బ్లాకు చేసింది. సంఘానికి వివరణ కూడా రాయలేదు.

రెండు నెలలు ఆమె బతికుందో లేదో నాకు తెలియలేదు. ఒక శుక్రవారం బడికి సెలవు. మధ్యాహ్నం దొడ్లో బట్టలు ఆరేస్తుంటే గోడ అవతల చెల్లెలి నవ్వు వినిపించింది.

గోడ అవతల ఇల్లు ఆపాది, అక్క అన్నట్టుగా మేమంతా ఆపా అని పిలిచే పెద్దామెది. ఆమె భర్త బసంత్‌నగర్ దారిలో లారీలు బాగుచేస్తాడు. ఇంట్లో ఉర్దూ, గోడ దగ్గర మాతో తెలుగు. షుగరు ముదిరినప్పుడు చెల్లెలు రోజూ పొద్దున గోడ దగ్గరికే పిలిచి ఆపాకు సూది వేసేది. అంతకుమించి వాళ్ల మధ్య ఏముందో నేనెప్పుడూ పట్టించుకోలేదు.

"మల్ల గదే మక్క గట్క తిన్నవా?" ఆపా స్పీకరు పెట్టుకుని ఫోనులో కసురుతోంది. "ఉల్లిగడ్డ గిట్ట దొరుకదా ఆడ? జూట్ మాట్లాడకు బేటా, నీ గొంతు దెల్వదా నాకు? జ్వరం మల్ల వచ్చిందా లేదా?"

అవతల చెల్లెలు ఏదో చెప్పింది. తర్వాత ఏడ్చింది. ఆపా ఊరుకోమనలేదు. ఆ ఏడుపు ఆగేదాకా ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, "ఆఁ... ఆఁ..." అంటూ ఉంది. ప్రార్థిస్తున్నావా అని అడగలేదు, మానేశావా అని కూడా అడగలేదు. చెల్లెలు వెళ్లినప్పటి నుంచీ ఆపా ప్రతి శుక్రవారం ఇలాగే మాట్లాడుతోందట.

గోడ దగ్గరికి వెళ్లాను. "ఆపా, ఒక్కసారి నాకియ్యి."

"అడుగుత ఠైరో, జర ఆగు." ఫోనులో అడిగింది. నాకేసి చూసి తల అడ్డంగా ఊపింది.

"నేనేం వాదించ. ఊకె వింట అని చెప్పు."

చెప్పింది. అవతల నవ్వు వినిపించింది. ఆపా నవ్వలేదు. "వద్దట సార్" అని ఫోను తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఈ సంగతి కాకకు ఎలా తెలిసిందో తెలియదు. ఆ పై శుక్రవారం వచ్చి ఆపా వాకిట్లో బల్ల మీద కూర్చున్నాడు. నేనూ బడికి సెలవు పెట్టి, వెళ్లి పక్కన కూర్చున్నాను. పాతికేళ్లుగా దేవుడి గురించి నాతో గొడవపడిన మనిషి, ఆ రోజు దేవుడి ఊసు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. లోపల ఆపా మాట్లాడుతున్నంతసేపూ ఇద్దరం తలుపు వైపే చూస్తూ కూర్చున్నాం.

ఆపా బయటికి వచ్చింది.

"తిన్నది. జ్వరం లేదు. వచ్చే నెల ఆడనే పట్నంల పెద్ద దవాఖానకు మారుతదట."

"ఇంటికెప్పుడస్తదట అమ్మా?" అన్నాడు కాక.

"ఏ ఇంటికి?" అంది ఆపా.

ఎత్తిపొడుపుగా అనలేదు. ఫోను పట్టుకుని గడపలో నిలబడి, జవాబు కోసం ఎదురుచూసింది. కాక నా వైపు చూశాడు. నేను కాక వైపు చూశాను.