ముందు భోజనాలు, తర్వాత ప్రమాణాలు

నాలుగు ఇంగ్లీషు మాటలు నేర్చుకుంటే పని వచ్చేసినట్టేనని గట్టిగా నమ్మే వయసొకటి ఉంటుంది. సరిగ్గా ఆ వయసులోనే నాకు ఏలూరులో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ఉద్యోగం దొరికింది. తాడేపల్లిగూడెంలో మూడు నెలలు డిజైనింగ్ కోర్సు చేసి, బ్లీడ్ అంటే కటింగులో పోయేందుకు అంచు దాటించి వదిలే రంగనీ, వాట్సాప్‌లో వచ్చిన ఫోటోకి రిజల్యూషన్ చాలదనీ అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేదాన్ని. (మా దెందులూరులో పాలు పోసే ఆయన కూడా తప్పించుకోలేకపోయాడు.) మా నాన్న అయితే చర్చిలో లేచి నిలబడి మరీ నా ఉద్యోగం గురించి సాక్ష్యం చెప్పారు.

చేరి నాలుగో రోజు. మర్నాడు ఉదయం జరగబోయే ఒక చర్చి పెళ్లికి ఎనిమిది పేజీల ప్రోగ్రాం పుస్తకం వేయాలి. పేజీలన్నీ సర్దిపెట్టి సీనియరుగారు సెలవు మీద వెళ్లారు. పెళ్లికూతురి ఇంటిపేరులో ఒక్క అక్షరం దిద్దమని ఓనరుగారు నాకు చెప్పారు. ఫైలు తెరిస్తే ఏముంది! ఒకటో పేజీ పక్కన ఎనిమిదో పేజీ, రెండు పక్కన ఏడు. అయ్యో పాపం, సెలవు హడావుడిలో కలగాపులగం చేసేశారనుకున్నాను. ఒకటి పక్కన రెండు, మూడు పక్కన నాలుగు, అలా చక్కగా వరసలో పెట్టి, ఎవరికీ చెప్పకుండా (అంత నిగర్విని మరి) అచ్చు ప్లేట్లు చేయడానికి పంపేశాను.

అక్కడ బైండింగ్ పిన్నిగారని ఒకావిడ ఉండేవారు. మొదట వచ్చిన కాగితాలు తన చేత్తో మడిచి చూస్తేగానీ మిషన్ నడవనిచ్చేవారు కాదు. ఆ రోజూ రెండు కాగితాలు ఒకదానిలో ఒకటి పెట్టి మడిచి, తిరగేసి, "ఏవండీ, ఓసారిలా రండి" అని ఓనరుగారిని పిలిచారు. ఆయన కళ్లజోడు సర్దుకుని పైకి చదివారు. "పెళ్లికూతురి రాక... ప్రార్థన... ఉంగరాలు... ఆశీర్వాదం... విందు భోజనం... ప్రమాణాలు... దైవ సందేశం." వధూవరుల పేర్లు చివరి అట్ట మీదికి పోయాయి. "భోంచేశాక ప్రమాణాలేంటండీ! ఎవరు మార్చారు దీన్ని?"

ఉద్యోగం పోతే పోయింది, నాన్న చర్చిలో తల ఎలా ఎత్తుకుంటారు? "నేనేనండీ... వరస తప్పిందనుకుని..." అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

పిన్నిగారు రెండు తెల్లకాగితాలు మడిచి, పెన్సిలుతో ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు వేసి, నా ముందు విప్పి పరిచారు. ఒకటి పక్కన ఎనిమిది!

"దీన్ని ఇంపోజిషన్ అంటారంటమ్మా. మేం మడత అంటాం" అని, ఓనరుగారి వైపు తిరిగారు. "పోయింది ప్లేట్లే కదండీ, పుస్తకాలు ఇంకా వేయలేదు కదండీ. చిన్నపిల్ల."

ఆయన మళ్లీ ఆ కాగితం చూసి, ఆపుకోలేక నవ్వేశారు. అమ్మయ్య! సాయంత్రానికి కొత్త ప్లేట్లు వేసి, పుస్తకాలు సరైన వరసలోనే పంపించాం.

మూడేళ్లకి నా పెళ్లి. ముదినేపల్లి నుంచి వస్తున్న మగపెళ్లివారి బస్సు కొల్లేరు రోడ్డు మీద టైరు పేలి ఆగిపోయింది. ఇక్కడ చర్చి దగ్గరేమో ఎండ, ఆకలితో ఏడుస్తున్న చంటిపిల్లలు. చివరికి పాస్టరుగారే, "ముందు మనవాళ్లకి వడ్డించేయండి" అన్నారు. నేను తెల్లచీరలో దిగాలుగా కూర్చునుంటే, పిన్నిగారు వచ్చి చేతిసంచిలోంచి మడతలు పడిన పాత కాగితాలు తీసి నా ఒళ్లో పెట్టారు. "నువ్వు ఆనాడే వేశావు కదమ్మా ఈ ప్రోగ్రాం. మనమే తొందరపడి దిద్దేశాం." పెళ్లికూతురినన్న మాట మరిచిపోయి పకపకా నవ్వాను.

ఆ కాగితాలు ఇప్పటికీ నా బీరువాలోనే ఉన్నాయి. నాలుగు రోజుల ఆ పండితురాలు గుర్తొచ్చినప్పుడల్లా తీసి చూసుకుంటాను. చివరి అట్ట మీద పేర్లు ఎవరివో గానీ, లోపలి వరస మాత్రం నాదే.