అక్షరాల కింద దాగిన రంగు

మా మామయ్యగారి పాత కారుని మళ్ళీ రోడ్డెక్కిస్తానని మా ఆయన అన్నప్పుడు నేను నవ్వి ఊరుకున్నాను. రాజమండ్రిలో మా బట్టల కొట్టు వెనక గోదాంలో అది తాన్ల మూటల మధ్య ఏళ్ళ తరబడి పడి ఉంది. మామయ్యగారు పోయాక దాన్ని ఎవరూ కదపలేదు. ఆయన కొన్నప్పటికే అది ఒకరు వాడిన బండి. తెల్ల రంగు. ద్రాక్షారామం వెళ్ళినా, అన్నవరం వెళ్ళినా, సరుకు తేవడానికి వెళ్ళినా అదే. మా ఊళ్ళో పెద్దవాళ్ళు ఇప్పటికీ మమ్మల్ని "తెల్లకారు వాళ్ళు" అంటారు.

ఇంజను పని అయ్యేసరికి వానాకాలం గడిచిపోయింది. ఆ తర్వాత బండిని కాకినాడ రోడ్డులో ఒక పెయింటింగ్ షెడ్డుకి చేర్చాం. మళ్ళీ తెల్లరంగే వేయించాలని మా ఆయన ఉద్దేశం. పెయింటరు యాభై దాటిన మనిషి. బండి చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ మీది గుండ్రటి బిళ్ళనీ, డిక్కీ మీద విడివిడిగా బిగించిన ఇంగ్లీషు అక్షరాలనీ వేలితో తట్టి చూశాడు.

"ముందు ఈ మోనోగ్రాములన్నీ ఊడదీయాలండి. వీటినలాగే ఉంచి రంగు కొడితే అంచులమ్మట పెచ్చులు లేచిపోతాయండి."

"విరిగిపోతే మళ్ళీ దొరకవయ్యా," అన్నారు మా ఆయన.

"ఆయ్, జాగ్రత్తగానే తీద్దామండి."

బిళ్ళ వెనక ఉన్న నట్లు తుప్పుతో బిగుసుకుపోయాయి. వాటికి నూనె పోసి నానబెట్టి, మర్నాడు మళ్ళీ వెళ్ళాం. పెయింటరు బానెట్ లేపి లోపలి నుంచి నట్లు ఊడదీస్తుంటే, బయట బిళ్ళ కింద నేను చెయ్యి పట్టి నిలబడ్డాను. అరచేయంత బిళ్ళ. నగిషీ సందుల్లో పాత పసుపు గట్టిపడి ఉంది. అత్తయ్యగారు శుక్రవారాలు పెట్టిన పసుపే అయ్యుంటుంది. చిన్న చప్పుడుతో అది నా చేతిలోకి జారింది.

నేను బిళ్ళని చూడలేదు. అది ఉన్నచోటు చూశాను. తెల్ల బానెట్ మధ్యలో చందమామంత గుండ్రంగా లేత ఆకుపచ్చ రంగు మెరుస్తోంది. మొలకెత్తిన వరినారు రంగులో కాస్త పాలు కలిపినట్టుంది.

"ఏంటిది?" అన్నారు మా ఆయన.

పెయింటరు గుడ్డతో ఒకసారి తుడిచి, చాలాసేపు తేరిపార చూశాడు. "ఇది కంపెనీలో వేసిన రంగండి. తెల్లరంగేసినోడెవడో బద్ధకించి, దీన్ని ఊడదీయకుండా పైన కాగితం అంటించి చుట్టూ కొట్టేశాడు. ఆడి బద్ధకం మంచిదయ్యిందండి."

ఆ బండి పుట్టిన రోజున పడ్డ రంగు అది. అప్పటినుంచి దానికి ఎండ తగల్లేదు, వాన తగల్లేదు. మా ఇంటికొచ్చాక అందరం ఆ బిళ్ళని తుడిచాం, బొట్టు పెట్టాం, దాని ముందు నిలబడి ఫొటోలు దిగాం. దాని వెనకే ఇంత పచ్చదనం ఉందని మాలో ఒక్కరికీ తెలియదు.

డిక్కీ మీది అక్షరాలు తీస్తుంటే ఇంకా వింతగా అనిపించింది. ఒక్కొక్కటీ ఊడి వస్తుంటే, దాని ఆకారంలోనే సన్నటి పచ్చటి గీతలు బయటపడ్డాయి. చివరికి అక్షరాలన్నీ నా కొంగులోకి చేరాయి, కారు పేరు మాత్రం తెల్ల డిక్కీ మీద పచ్చగా అలాగే ఉంది. పక్క షెడ్డులో వెల్డింగు చేసేవాళ్ళు కూడా పని ఆపి వచ్చి చూశారు.

ఆ సాయంత్రమే అత్తయ్యగారిని ఆటోలో తీసుకొచ్చాం. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, వంగి, ఆ పచ్చటి వృత్తం మీద వేలు పెట్టారు.

"మన కారు తెలుపు కదురా?"

"మనకంటే ముందు ఇదే రంగు, అమ్మా. నాన్నగారికి కూడా తెలిసుండదు," అన్నారు మా ఆయన. "అయినా తెలుపే వేయిద్దాంలే. నాన్నగారు తిరిగిన కారు కదా."

అత్తయ్యగారు వేలు ఆ రంగు మీదే ఉంచారు.

"మీ నాన్నగారు చూసిన రంగు నేనూ చూశాను. చాలా ఏళ్ళు చూశాను," అన్నారు. "ఆయన చూడని రంగు ఇది. ఇదే వేయించరా. నేనైనా చూస్తాను."

రంగుల కొట్టువాళ్ళు రేకు ముక్కల మీద రకరకాలుగా కలిపి వేసి, ఆ వృత్తం పక్కన పెట్టి పోల్చి చూసి, చివరికి ఆ పచ్చదనాన్నే పట్టారు. బండి షెడ్డులోంచి వచ్చిననాడు నేను దాని దగ్గరికి వెళ్ళడానికే జంకాను. అంత కొత్తగా ఉంది.

మోనోగ్రాములు మేమే బిగిస్తామని మా ఆయన పెయింటర్ని ఒప్పించారు. పాత టూత్‌బ్రష్‌తో అక్షరాలు తోమి పెట్టాను. సందుల్లో పసుపు మొత్తం పోలేదు. పోగొట్టాలని నాకూ అనిపించలేదు. డిక్కీ మీద వరస తప్పకుండా టేపు అంటించి, అక్షరాల వెనక పుల్లలు దూరే చిల్లుల అంచులకి తుప్పు పట్టకుండా సన్న బ్రష్‌తో రంగు అద్దాం. మా ఆయన డిక్కీలో దూరి వెనక నుంచి నట్టు తిప్పుతుంటే, నేను బయట అక్షరాన్ని పట్టుకున్నాను.

"తిన్నగా ఉందా?"

"కొంచెం ఎడమకి వాలింది. ఆఁ, చాలు. ఇంక బిగించకండి, రంగు పగిలిపోద్ది!"

ఒక అక్షరానికి వెనక పుల్ల విరిగిపోయి ఉంది. దానికి జిగురు రాసి, ఆరేదాకా బొటనవేలితో నొక్కి పట్టుకోవాల్సి వచ్చింది. చెయ్యి లాగేస్తున్నా కదపలేదు. నా వేలి కింద, అక్షరం చాటునున్న ఈ రంగుని ఇక ఎవరూ చూడరు కదా అనిపించింది. ఎప్పుడో, నేను పోయాక, నాకు తెలియని వాళ్ళెవరో ఈ అక్షరం ఊడదీసి మళ్ళీ చూస్తారేమో. మామూలు మంగళవారం పొద్దున్న, జిగురు వాసన మధ్య, నాకు గుడిలో నిలబడ్డట్టుంది.

బానెట్ బిళ్ళ అత్తయ్యగారి చేతికిచ్చాం. ఆవిడ పెట్టగానే పుల్లలు చిల్లుల్లోకి సూటిగా దిగాయి. నట్లు బిగించాక ఆవిడ వెనక్కి జరిగి కారు మొత్తం చూసుకున్నారు.

"ఎంత బాగుందర్రా," అన్నారు మెల్లగా.

తర్వాత తలుపు తీసుకుని ముందు సీట్లో కూర్చున్నారు. మామయ్యగారి రోజుల్లో ఆవిడ ఎప్పుడూ వెనకే కూర్చునేవారట. మా ఆయన స్టార్ట్ చేశారు. ధవళేశ్వరం వైపు గట్టు మీదుగా వెళ్తుంటే దారిలో మనుషులు ఆగి చూశారు. ఆవిడ మాత్రం ఎవరినీ చూడలేదు. దారి పొడుగునా ఆ పచ్చటి బానెట్ మీదే చూపు నిలిపి కూర్చున్నారు.