పొట్టతో లెక్కపెట్టిన మేస్త్రీ

మా మేస్త్రీ పోయారు. ఈ అరబ్బు దేశంలో, రుస్తాఖ్ ఊరి వెనక కనుమ దిగుతుంటే టిప్పర్ బోల్తా పడిందట. మబేలాలో మా రూమ్‌కి కబురు వచ్చేసరికి అంతా అయిపోయింది. ఇరవై ఏళ్లు కొండలు పేల్చిన మనిషిని ఒక పాడు బ్రేకు మింగేసింది. ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది.

ఆయనది కడప వైపు. అక్కడి ముగ్గురాయి గనుల్లో పని నేర్చారు. ఇక్కడ, ఆయన పోయిన ఆ కనుమలోనే రోడ్డు వెడల్పు చేసే సైట్‌లో నాకు పని నేర్పింది ఆయనే. అక్కడంతా నల్లరాయి. ఎన్నడో సముద్రం అడుగున అగ్నిపర్వతం కక్కిందని ఇంజనీరు చెప్పేవాడు. గట్టు మీద వేల ఏళ్లనాటి రాతి సమాధులు ఉంటాయి. పేల్చే ముందు మేస్త్రీ అటు తిరిగి, "సామీ, రోంత చెవులు మూసుకోండి" అనేవారు. సమాధుల పక్కనే మందు పెట్టమన్న సూపర్‌వైజర్‌ను ఒకసారి కాలర్ పట్టి టిప్పర్‌కేసి అదిమారు. "మీ తాత గోరీ అయితే పెడ్తావా?" అని అడిగారు. ఆయనకు చేయి ముందు, మాట తర్వాత.

మందు అంటించాక ఎన్ని పేలాయో అందరం చెవులతో లెక్కపెడితే, ఆయన బండ చాటున బోర్లా పడుకుని పొట్టను నేలకు ఆనించేవారు. "కనుమలో చెవి అబద్ధం చెప్తాది అబ్బీ. పొట్ట చెప్పదు" అనేవారు. నేను చాటుగా నవ్వుకునేవాణ్ని.

ఒకరోజు ఎనిమిది గుంతలు అంటించాం. ఎనిమిది మోతలు విన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయి, ఆయన లేవకముందే గుంతలవైపు నడిచాను. ఎదుటి కొండ తిప్పికొట్టిన మోతను కూడా లెక్కలో వేసుకున్నానని నాకేం తెలుసు?

వెనక నుంచి పరుగు వినబడింది. తిరిగేలోపు దవడ పగిలింది. నోట్లో రక్తం. జుట్టు పట్టి బండ వెనక్కి ఈడ్చుకొచ్చి నా మీద పడ్డారు.

"యాడికిరా పోయేది? ఏడే పేలినాయి."

నేను తిరగబడి మోచేత్తో ఆయన డొక్కలో పొడిచాను. బూతు తిట్టాను. అప్పుడు పేలింది ఎనిమిదోది. నేను నడుస్తున్న చోట నేల లేచిపోయింది. మా బండ మీద రాళ్లు వడగండ్లలా పడి పగిలాయి.

దుమ్ము అణిగాక ఆయన లేచి కూర్చున్నారు. డొక్క పట్టుకుని నీళ్ల సీసా అందుకున్నారు. నన్ను కొట్టిన ఆ చేయి ఎంత వణికిందంటే, సీసా నోటిదాకా రాలేదు. నెత్తురు ఉమ్మేసి, నేనే పట్టి తాగించాను.