ఎవరు నేర్పారని అడిగితే

వనపర్తిలో పనిచేసినన్నాళ్ళూ జనం నన్ను రోజూ అడిగిన ప్రశ్న ఒక్కటే: "తిన్నరా మేడం?" ఆఫీసులో కార్యకర్తలు అడిగేవాళ్ళు, ఇంటి ఓనరమ్మ అడిగేది, జిరాక్సు షాపతను కూడా అడిగేవాడు. "అయింది" అనేదాన్ని. తిన్నా అయిందే, తినకపోయినా అయిందే. అడిగినవాళ్ళు తలూపి వాళ్ళ దారిన వాళ్ళు పోయేవాళ్ళు. ఆఫీసు పని కాకుండా నాతో ఎవరైనా మాట్లాడే మాటలు ఆ రోజుకి అక్కడితో సరి.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే జనం చేతుల్లోకి వస్తున్న రోజులు. మాది స్వచ్ఛంద సంస్థ. వానలు సరిగా పడని ఊళ్ళలో, పడ్డ కాస్త నీటినీ నిలబెట్టడానికి పొలాల్లో కట్టలు, వాగుల మీద చిన్న చిన్న చెక్‌డ్యాంలు కట్టించేవాళ్ళం. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో మూడు ఆఫీసులు. మూడింటికీ కలిపి నన్ను బాధ్యురాలిగా వేశారు. నేను కోస్తా నుంచి వచ్చినదాన్ని. పెళ్ళి చేసుకోలేదు, నలభైకి దగ్గరపడ్డాను. నోరు విప్పితే పరాయిదాన్నని తెలిసిపోతుందని అవసరముంటేనే విప్పేదాన్ని. మధ్యాహ్నం కార్యకర్తలంతా ముందు గదిలో చాప పరుచుకుని టిఫిన్ డబ్బాలు తీసేవాళ్ళు. నేను నా గదిలో తలుపు దగ్గరగా వేసుకుని తినేదాన్ని. తలుపు సందులోంచి వాళ్ళ నవ్వులు వినపడేవి. ఆ నవ్వులంటే నాకు అసూయ. ఏ పూటా అన్నం సయించేది కాదు.

పని మాత్రం సాగడం లేదు. ఏ కట్ట ఎక్కడ వేయాలో ఊరివాళ్ళతో మాట్లాడి తేల్చాలి. మా కుర్రాళ్ళు ఊరికి వెళ్ళి నిలబడి, మైకు లేని లోటు తెలియకుండా ఉపన్యాసం ఇచ్చేవాళ్ళు. రైతులు తలలూపి, సంతకాలు పెట్టి లేచిపోయేవాళ్ళు. కట్ట వేశాక తగాదాలు మొదలయ్యేవి. హైదరాబాదులోని పెద్దాఫీసువాళ్ళు ఫోన్ చేసి, మీ స్టాఫ్‌కి ట్రైనింగ్ ఇప్పించండి, మంచి ట్రైనర్ని మీరే వెతుక్కోండి అన్నారు. ఊళ్ళో మాట్లాడే మనిషే దొరకని నేను మాట్లాడడం నేర్పే మనిషిని వెతకాలన్నమాట.

మొదట హైదరాబాదు నుంచి టై కట్టుకున్న ఒకాయన్ని పిలిపించాను. ఆయన పంపిన కాగితాల నిండా సర్టిఫికెట్లే. తలా ఒక బెలూన్ ఊది చేతికిచ్చి, పక్కవాడిది పగలగొట్టి మీది కాపాడుకోండి, నాయకత్వమంటే ఇదే అన్నాడు. అందరూ తెగ నవ్వారు, చప్పట్లు కొట్టారు, చివర్లో గ్రూపు ఫొటో దిగారు. మరుసటి వారం గద్వాల పక్క ఊళ్ళో మావాడు మళ్ళీ నిలబడి అదే ఉపన్యాసం అందుకున్నాడు. సీడు పత్తిలో క్రాసింగు రోజులవి, విత్తనం కోసం ఒక్కో పువ్వుకూ చేత్తో పుప్పొడి అద్దాలి. ఎదురుగా కూర్చున్న ఆడవాళ్ళ చూపు చేల మీదే ఉంది. తర్వాత ఒక రిటైర్డు లెక్చరర్ వచ్చి సమయపాలన గురించి చెప్పారు. బస్సు దొరక్క ఆలస్యంగా వచ్చారు, ఉన్న బస్సు పోతుందని తొందరగా వెళ్ళారు. నడుమ చెప్పింది బాగానే ఉంది.

అప్పటికి నాకు ఒళ్ళు మండి, కాస్త బుద్ధి కూడా వచ్చింది. అప్పటిదాకా ట్రైనర్లు తమ గురించి తాము చెప్పుకునేది చదివి మనిషిని ఎంచుకున్నాను. వంటమనిషిని పెట్టుకునేటప్పుడైనా ఒక పూట వండించుకుని తిని చూస్తాం కదా. నాగర్‌కర్నూల్‌లో పరిచయమైన ఒక గుమాస్తా, ఆత్మకూరులో ఒకావిడ ఉంది, ఎక్కడా ఉద్యోగం చేయదు, పిలిచిన చోటికల్లా వెళ్ళి సంఘాలకు నేర్పుతుంది, గోపాల్‌పేట దిక్కు చాలా పని చేసింది అని చెప్పాడు. ఈసారి నేను ఆవిడకు ఫోన్ చేయలేదు. నేరుగా గోపాల్‌పేట వెళ్ళాను.

అక్కడ బడి వరండాలో ఆడవాళ్ళ సంఘం మీటింగు జరుగుతోంది. నడిపే ఆమె ఒక మాట అడిగి ఊరుకుంది. ఎవరూ పలకలేదు. ఆమె కంగారు పడలేదు, మళ్ళీ అడగనూ లేదు. కాసేపటికి గోడవారగా కూర్చున్న ఒక కోడలుపిల్ల, కొంగు నోటికి అడ్డం పెట్టుకునే, తన మాట చెప్పింది. అందరూ విన్నారు. మీటింగయ్యాక నేను అడిగాను, ఇలా నడపడం ఎవరు నేర్పారని.

"ఎవ్వలు నేర్పలే. మాకే వచ్చింది" అంది ఆమె.

"ఆత్మకూరు నుంచి ఒకావిడ వచ్చేవారట కదా?"

వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ఆ, ఒకామె వస్తుండె. ఊకె కూసుంటుండె" అంది ఇంకొకామె.

మనిషి దొరికిందని అప్పుడే అనుకున్నాను. నేర్చుకున్నవాళ్ళు అది తమ సొంతమనుకునేలా నేర్పడం కంటే ఇంకేం కావాలి? బస్సులో తిరిగి వస్తుంటే మాత్రం, అంత పనిచేసిన మనిషిని అంత తేలిగ్గా మరిచిపోయారే అని మనసు చివుక్కుమంది.

ఆవిడకు ఫోన్ లేదు. పక్కింటి నంబరుకు చేస్తే పిలిచారు. నేను చెప్పిందంతా విని, "ముందుగాల ఒక దినం వచ్చి మీ తాన కూసుంట. ఏం మాట్లాడ. అటెనక చెప్త, నాతోని అయితదో కాదో" అంది.

వచ్చింది. యాభై దాటిన ముస్లిం ఆవిడ, మోకాళ్ళ నొప్పులతో కొంచెం పక్కకు ఒరిగి నడిచేది. చేతిలో గుడ్డ సంచి, నోట్లో వక్క. పొద్దున నేను పెట్టిన మీటింగులో తలుపు పక్క బెంచీ మీద కూర్చుంది. మధ్యాహ్నం కుర్రాళ్ళతో కలిసి అన్నం తిని, వాళ్ళ వెంట ఒక ఊరికి వెళ్ళొచ్చింది. అప్పటికే అందరూ ఆవిడని, అక్కా అని పిలిచినట్టు, ఆపా అంటున్నారు. సాయంత్రం నా గదిలోకి వచ్చి కుర్చీలో కూలబడింది.

"మీ పోరగాండ్లకు పని తెల్వక కాదు మేడం. పొద్దుగాల మీరు చెప్పిన్రు, వాళ్ళు తలకాయ ఊపిన్రు. మాపటికి ఊర్ల ఈ పోరగాండ్లు చెప్పిన్రు, రైతులు తలకాయ ఊపిన్రు. రెండు ఒక్క తీరే ఉన్నయి."

"నేర్పమన్నది వాళ్ళకి. నాకు కాదు" అన్నాను.

"గట్లనే కానీండ్రి. ఇంకొకటి అడుగుత, ఏమనుకోకుండ్రి. అన్నం ఒక్కరే ఎందుకు తింటరు?"

"వాళ్ళు పిలవరు."

"వాళ్ళను నేనే అడిగిన. రోజూ తిన్నరా అని అడుగుతరట. అయిందంటరట మీరు. అయిందన్న మనిషిని ఎట్ల పిలుస్తం ఆపా అన్నరు."

నా ముఖం మాడిపోయింది. ఏ సంగతీ తర్వాత చెబుతానని పంపించేశాను. ఎవరి అన్నం ఎవరెక్కడ తింటే ఈవిడకెందుకని ఆ వారమంతా గింజుకున్నాను. కోపంలో వేరే ట్రైనర్లకు ఉత్తరాలు కూడా రాశాను.

ఇంతలో నాగర్‌కర్నూల్ వైపు ఒక ఊళ్ళో మేం వేసిన కట్ట వల్ల నీళ్ళు ఎదురుతన్ని ఒక ముసలి రైతు జొన్నచేను మునిగింది. తిట్టడానికి వచ్చాడనుకుని మేమంతా బిగుసుకుని కూర్చున్నాం. ఆయన తిట్టలేదు. తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకుని, "నీళ్ళు యాడికి మల్తయో నాకు ఎరుకనే. ఎవలన్న అడిగితే చెప్తుంటి గద" అన్నాడు. ఆ చేను మీదే వాళ్ళింట్లో ఆ ఏటి తిండి. తర్వాత చేను మేం బాగు చేయించి ఇచ్చాం కానీ ఆ పంట రాలేదు. ఆ రోజు ఆయన బయటికి వెళ్ళగానే ఆత్మకూరుకు ఫోన్ చేశాను. నేను చెప్పేదాకా ఆగకుండా "యాన్నుంచి మొదలు పెడుదాం?" అంది ఆపా. అప్పటినుంచి వేసవి గడిచి మళ్ళీ వానలు పడేదాకా రావడానికి ఒప్పుకుంది.

ఆవిడ నేర్పింది చెప్పుకుంటే ఇంతే. ఊళ్ళో నిలబడొద్దు, కూర్చోండి. ఒక్కటి అడగండి. "అడిగినంక నోరు మూసుకోవాలె. మూసుకున్నంక ఇంక జర సేపు మూసుకోవాలె." వినడానికి తేలికే. మా కుర్రాళ్ళకు ప్రాణం మీదికొచ్చింది. మొదటి రోజు ఒకడు ప్రశ్న అడిగి, ఆ నిశ్శబ్దం భరించలేక జవాబు కూడా తనే చెప్పేసి నాలుక కరుచుకున్నాడు. ఊరుకోవడంలో నాకున్నంత అనుభవం ఆ జిల్లాలో ఎవరికీ ఉండదు కానీ, నా ఊరుకోవడం ఎవరినీ మాట్లాడించలేదు. ఆవిడ ఊరుకుంటే ఎదుటివాళ్ళకు చెప్పాలనిపించేది. ఆ తేడా ఏమిటో అర్థం చేసుకోవడానికి నేనూ వెనకాల కూర్చుని చూసేదాన్ని. నెమ్మదిగా ఊళ్ళు పలకడం మొదలుపెట్టాయి. గద్వాల పక్క ఊళ్ళో ఎన్నడూ నోరెత్తని ఒక అవ్వ లేచి వాగు దాకా నడిపించుకుని వెళ్ళి నీళ్ళు నిలిచే చోటు చూపించింది. ఆ రోజు మావాళ్ళు ఆఫీసుకు పండగ చేసుకుంటూ వచ్చారు.

నా పండగ వేరే ఉండేది. గద్వాల పని ఉన్నప్పుడు వనపర్తిలో నేను బస్సెక్కి, పక్క సీట్లో చేతిరుమాలు, అక్కడి మాటలో దస్తీ, వేసి ఉంచేదాన్ని. ఆత్మకూరులో ఆపా ఎక్కేది. దస్తీ తీసి మడిచి నా చేతికిచ్చి కూర్చునేది. జూరాల డ్యాం వచ్చేదాకా కబుర్లే. ఆవిడ మోకాళ్ళ గురించి, చనిపోయిన భర్త నడిపిన గడియారాల రిపేరు దుకాణం గురించి చెప్పేది. నేను మా అమ్మ చేపల పులుసు గురించి, కుదరని పెళ్ళి గురించి, ఏళ్ళ తరబడి ఎవరికీ చెప్పనివన్నీ చెప్పేదాన్ని. ఒక్కోసారి నేను చెబుతుండగానే ఆవిడ గురక పెట్టేది. నాకేమీ అనిపించేది కాదు. పక్కన ఒక మనిషి నిద్రపోవడం కూడా నాకప్పుడు బాగుండేది. గద్వాల వెళ్ళే రోజు కోసం చిన్నపిల్లలా ఎదురుచూశాను. వానలు ఆలస్యంగా పడితే బాగుండనుకున్నాను. వాన కోసం పనిచేసే సంస్థలో ఉండి అలా కోరుకున్నది నేనొక్కదాన్నే అయ్యుంటాను.

వానలు వేళకే పడ్డాయి. ఇంకో ఏడాది రమ్మని ఆపాను అడిగాను. పెద్దాఫీసును నేను ఒప్పిస్తానన్నాను.

"పిల్లలకు నేర్పనీకి ఇంక ఏమున్నది? మంచిగనే చేస్తుండ్రు."

"ఇంకా కొంచెం సాన పట్టాలి."

ఆవిడ నావైపు చూసి ఊరుకుంది. నేనూ ఊరుకున్నాను. చివరికి ఆపాయే అంది: "పిల్లల కోసం కాదు, మీ కోసం పిలుస్తుండ్రు. దానికి ట్రైనింగ్ అని పేరు పెట్టుడెందుకు? ఇల్లు ఆత్మకూరు బస్టాండు ఎనకనే. రాండ్రి."

"వస్తాను" అన్నాను, ‘అయింది’ అన్నంత తేలిగ్గా. బస్సు దాకా వెళ్ళి దిగబెట్టలేదు. గదిలో తలుపేసుకుని ఏడ్చాను.

కొన్నాళ్ళకి పెద్దాఫీసు నుంచి ఒకాయన పని చూడడానికి వచ్చాడు. ఊళ్ళో మీటింగు చూసి ముచ్చటపడి, ఈ పద్ధతి ఎవరు నేర్పారయ్యా అని మావాళ్ళని అడిగాడు.

"ఎవ్వలు నేర్పలే సార్. మేం గిట్లనే చేస్తం."

వాళ్ళు అబద్ధమాడలేదు. నిజంగానే అలా అనుకుంటున్నారు. తలుపు పక్క బెంచీ మీద కూర్చున్న మనిషి నాకు తప్ప ఎవరికీ గుర్తు రాలేదు. నేను నోరు తెరిచి ఆపా గురించి చెప్పాను. ఆయన "ఓహో" అని చెక్‌డ్యాం ఖర్చుల్లోకి వెళ్ళిపోయాడు. అంతమంది మధ్య అంత ఒంటరితనం నాకు అంతకు ముందెన్నడూ తెలియదు.

ఆ మధ్యాహ్నం నా గదికి వెళ్ళబోతుంటే ఎప్పటిలాగే చాప మీద నుంచి ఒకతను "తిన్నరా మేడం?" అన్నాడు. నోటి చివరిదాకా వచ్చింది అయిందనే మాట.

"తినలేదు" అన్నాను.

అని నోరు మూసుకున్నాను. ఇంక జర సేపు మూసుకున్నాను. చేతిలో టిఫిన్ డబ్బాతో అలా నిలబడడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. వాళ్ళకీ ఏం చేయాలో తోచలేదు. కాసేపటికి అతను పక్కకు జరిగి, "రాండ్రి మేడం, సద్దుకుందాం" అన్నాడు. ఎవరో గోంగూర పచ్చడి ఇటు తోశారు. మొదటి రోజు ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. నవ్వులు మళ్ళీ రావడానికి కొన్నాళ్ళు పట్టింది.

తర్వాత నన్ను వేరే జిల్లాకు మార్చారు. ముందు గదిలోనే, ఆ చాపల మీదే, అందరూ కలిసి నాకు అన్నం పెట్టారు. ఆనాడు పక్కకు జరిగి చోటిచ్చిన అతనే లేచి రెండు ముక్కలు మాట్లాడాడు. "మా మేడం అందరసుంటి ఆఫీసరు కాదు. వచ్చిన మొదటి దినం కాడికెళ్ళి మాతోనే కూసొని తింటుండె" అన్నాడు. అందరూ అవునన్నారు.

కాదని చెప్పబోయి ఊరుకున్నాను. గోపాల్‌పేట ఆడవాళ్ళు ముఖాలు చూసుకున్నది గుర్తొచ్చింది. ఇలాంటి గదులు ఎన్నింటిలోంచి లేచి, ఆపా ఒక్కతే సంచి పట్టుకుని సాయంత్రం బస్సెక్కి ఉంటుందో అప్పుడు ఆలోచించాను. రమ్మని పిలిచిన మనిషి ఇంటికి నేను ఇన్నాళ్ళూ పోనేలేదు.

మా కుర్రాళ్ళు నా సామాను బస్టాండు దాకా మోసుకొచ్చి, కొత్త చోటికి నేను ఎక్కాల్సిన హైదరాబాదు బస్సు చూపించి, సీటు కోసం కిటికీలోంచి దస్తీ వేశారు. నేను ఆ దస్తీ వెనక్కి తీయించి, పక్కన నిలిచి ఉన్న ఆత్మకూరు బస్సెక్కాను.